భారం అల్లాహ్‌పై, బాధ్యత మనపై

తన జీవితపు పగ్గాలు తన చేతిలోనే ఉండాలని ప్రతి మనిషీ కోరుకుంటాడు. యవ్వనంలో ఈ కోరిక మరీ బలంగా ఉంటుంది. ఏం చదవాలి, ఏ పని నేర్చుకోవాలి, ఊళ్ళోనే ఉండాలా లేక బెంగుళూరుకో గల్ఫ్‌కో పోవాలా, ఎవరిని పెళ్ళి చేసుకోవాలి అనే నిర్ణయాలన్నీ దాదాపు 18 నుంచి 30 ఏళ్ళ మధ్యనే వచ్చి పడతాయి. సరిగ్గా ఆ వయసులోనే ధర్మం మన ముందుకు వచ్చి, నీ జీవితాన్ని నీ ప్రభువుకు అప్పగించు అంటుంది.

మన ఊళ్ళలోని క్రైస్తవ యువకులు కూడా తమ కూటాలలో ఇదే మాట చెప్పుకుంటూ ఉంటారు. జీవితాన్ని ప్రభువు చేతికి అప్పగించామని వారు సాక్ష్యం చెబుతారు. ఆ మాట విన్న మన పిల్లలు కొందరు, మన ధర్మంలోనూ ఇలాంటిది ఉందా అని అడుగుతున్నారు. ఉన్నదా అని అడగనవసరం లేదు. మన ధర్మం పేరే అది. ‘ఇస్లాం’ అంటే దైవానికి తలవంచడం, తనను తాను ఆయనకు అప్పగించుకోవడం. ముస్లిం అంటే అలా అప్పగించుకున్నవాడు. ఇది ఒకనాడు ఒక సభలో నిలబడి ప్రకటించి ముగించేది కాదు. ప్రతిరోజూ ఐదు పూటలా నుదురు నేలకు ఆనించి మనం దీన్ని కొత్తగా ఒప్పుకుంటూ ఉంటాం.

అయితే ఇక్కడొక ప్రశ్న పుడుతుంది. జీవితాన్ని అల్లాహ్‌కు అప్పగించాక ఇక మనం చేయవలసింది ఏమిటి? అంతా ఆయన చేతిలోనే ఉంటే మన ప్రయత్నానికి విలువేమిటి? ఒకవేళ ప్రయత్నం మనదే అయితే అప్పగించడం అనే మాటకు అర్థమేమిటి? ఈ ప్రశ్న పండితుల గ్రంథాలకే పరిమితమైనది కాదు. అనంతపురం మెట్టనేల మీద బతుకుతున్న ప్రతి కుటుంబమూ ఏటా జూన్ నెలలో ఆకాశం వైపు చూస్తూ ఈ ప్రశ్న వేసుకుంటుంది.

ఈ నేల చెప్పే పాఠం

అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనాల మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇంతదూరం వచ్చేసరికి వాటిలో తేమ తగ్గిపోతుంది. కురిసే ఆ కొద్ది వాన కూడా అదునుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. విత్తనం వేసే రోజుల్లో మేఘం కనిపించదు. కోసిన పంట కళ్ళంలో ఉన్నప్పుడు కుండపోతగా కురుస్తుంది. వేరుశనగ ఊడలు దిగే వారాల్లో వాన మొహం చాటేస్తే, చెట్టు పచ్చగానే కనిపించినా పీకి చూస్తే కాయలు ఉండవు.

పైగా వాన ఒక్కటే రైతు చేతిలో లేనిది కాదు. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు వైరస్ తెగులు ఈ జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. పొలం గట్ల మీద మొలిచే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడి ద్వారా, కంటికి ఆనని తామర పురుగుల ద్వారా ఆ తెగులు వ్యాపించిందని శాస్త్రవేత్తలు తేల్చారు. దున్నినవాడు, ఎరువు వేసినవాడు, కలుపు తీసినవాడు, అప్పు తెచ్చినవాడు అందరూ తమ పని తాము చేశారు. ఒక చిన్న పురుగు లెక్కలన్నీ తలకిందులు చేసింది.

దివ్యఖుర్‌ఆన్‌లోని వాఖిఅహ్ సూరాలో అల్లాహ్ మానవులను అడిగిన ప్రశ్నలు ఇలాంటి నేల మీద నిలబడి వింటే గుండెకు తగులుతాయి. మీరు నాటే విత్తనాన్ని మొలకెత్తించేది మీరా, మేమా అని ఆయన అడుగుతున్నాడు. మీరు తాగే నీటిని మబ్బుల నుంచి దింపేది ఎవరని అడుగుతున్నాడు. ముల్క్ సూరా చివర, మీ నీరు భూమి లోపలికి ఇంకిపోతే మీకు పారే నీటిని తెచ్చి ఇచ్చేవాడెవడని అడుగుతున్నాడు. మూడు బోర్లు వేసి, నాలుగోది వెయ్యి అడుగుల లోతుకు దించినా దుమ్ము తప్ప నీటి చుక్క చూడని కుటుంబాలకు ఈ ప్రశ్నకు జవాబు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒకే పొరపాటుకు రెండు ముఖాలు

ఈ సత్యం తెలిశాక కూడా మనం రెండు విధాలుగా దారి తప్పుతున్నాం.

మొదటి రకం వారు, అంతా తలరాతే కదా అని చేతులు ముడుచుకుని కూర్చుంటారు. పరీక్షకు చదవరు. పని వెతకరు. కుంటలు తవ్వుకోరు, ఒకే పంట పోతే మరో పంట ఏదో ఆలోచించరు. అడిగితే, అల్లాహ్ ఇవ్వాలనుకుంటే ఇస్తాడంటారు. వినడానికి ఇది భక్తిలా ఉంటుంది. నిజానికి వీరు చేస్తున్నది తమ బాధ్యతను అల్లాహ్ మీదికి నెట్టడం.

రెండో రకం వారు, అంతా నా చేతిలోనే ఉంది అనుకుంటారు. పగలూ రాత్రీ కష్టపడతారు. అది మంచిదే. అయితే పంట పండితే తామే పండించామనుకుంటారు. పండకపోతే తామే పనికిరానివారమని కుంగిపోతారు. పరీక్ష తప్పిన కుర్రవాడు ఇక తన బతుకే తప్పిపోయిందనుకుంటాడు. బోరు పడని రైతు, ఇంటిల్లిపాది ముందు తాను దోషినని భావించి తల ఎత్తుకోలేకపోతాడు. వీరు చేస్తున్నది అల్లాహ్ పనిని తమ నెత్తిన పెట్టుకోవడం.

జాగ్రత్తగా చూస్తే ఇవి రెండు పొరపాట్లు కావు, ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. పని చేయడం దాసుని వంతు. ఫలితాన్ని నిర్ణయించడం ప్రభువు వంతు. ఒకడు తన వంతును ప్రభువుకు వదిలేశాడు. ఇంకొకడు ప్రభువు వంతును తాను లాక్కున్నాడు. తవక్కుల్ అంటే ఎవరి వంతు వారికి ఉంచడం. ఒక పల్లెవాసి తన ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తర్వాత భారం వేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) బోధించిన విషయం మనకు తెలిసిందే. తాడు పట్టుకోవలసిన చేయి మనది. తాడు కట్టిన తర్వాత కూడా ఒంటెను కాపాడేది తాడు కాదు, అల్లాహ్ అని తెలుసుకోవలసిన మనసూ మనదే.

రెండు అంచుల లోయ

ఈ విషయాన్ని హజ్రత్ ఉమర్ (రజి) విప్పి చెప్పినంత స్పష్టంగా చెప్పినవారు అరుదు. క్రీ.శ. 639 ప్రాంతంలో సిరియాలో ప్లేగు వ్యాపించింది. ఉమర్ (రజి) అటు ప్రయాణమై వెళ్తూ, సర్గ్ అనే చోట ఆ వార్త విన్నారు. సహచరులను సంప్రదించి వెనక్కి తిరగాలని నిర్ణయించారు. సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి)కు ఇది నచ్చలేదు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని ఆయన అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నాం అని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఆ తర్వాత ఒక ఉపమానం చెప్పారు. నీ ఒంటెలను తోలుకుని ఒక లోయలో దిగావనుకో, దానికి ఒక అంచు పచ్చగా, ఇంకో అంచు ఎండిపోయి ఉంది. పచ్చని చోట మేపినా అల్లాహ్ విధి ప్రకారమే మేపుతావు, ఎండిన చోట మేపినా అల్లాహ్ విధి ప్రకారమే మేపుతావు కదా అన్నది ఆ ఉపమాన సారాంశం.

గొర్రెల మందలను తోలుకుని పచ్చిక కోసం ఊళ్ళు దాటి పోయే మన ప్రాంతపు కాపరులకు ఈ మాట వివరించి చెప్పవలసిన పని లేదు. పచ్చని వైపు కంటికి కనిపిస్తూ ఉండగా ఎండిన వైపు నిలబడి, ఇదే నా రాత అనేవాడు విధిని నమ్మినవాడు కాడు, తన కళ్ళను వాడనివాడు. విధి గోడలాంటిది కాదు, మనం నడిచే దారిలోనే అది సాగుతుంది.

అల్లాహ్ ప్రవక్తలు కూడా ఇలాగే నడుచుకున్నారు. రాబోయే ఏడు కరవు సంవత్సరాల సంగతి అల్లాహ్ ద్వారా తెలిసినప్పుడు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ప్రజలను కేవలం ఓపిక పట్టమని చెప్పి ఊరుకోలేదు. ముందు వచ్చే ఏడు పంటల కాలంలో కోసిన ధాన్యాన్ని, తినడానికి కావలసిన కొంత తప్ప, వెన్నుల్లోనే ఉంచి నిల్వ చేయమని చెప్పారు. ఆ కరవు రావడం ఖాయమని ఆయనకు తెలుసు. తెలిసి కూడా గిడ్డంగులు నింపించారు. దైవప్రవక్త (స) మక్కా నుంచి హిజ్రత్ చేసినప్పుడు దారి తెలిసిన మనిషిని కూలికి మాట్లాడుకున్నారు, వెతికేవారు ఊహించని దిక్కుకు వెళ్ళి సౌర్ గుహలో తలదాచుకున్నారు. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక శత్రువులు గుహ ద్వారం దాకా వచ్చారు. జాగ్రత్తలన్నీ అయిపోయిన ఆ క్షణంలో ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)ను దుఃఖించవద్దని, అల్లాహ్ మనతో ఉన్నాడని ఓదార్చారు.

హజ్రత్ హాజిరా పరుగు

నీళ్ళు లేని నేల మీద తవక్కుల్ ఎలా ఉంటుందో చూడాలంటే హజ్రత్ హాజిరా (అ) దగ్గరికి వెళ్ళాలి. హజ్రత్ ఇబ్రాహీం (అ) ఆమెను, పసివాడైన ఇస్మాయీల్ (అ)ను పంటా నీరూ లేని లోయలో వదిలి వెళ్ళారు. వారి దగ్గర ఉన్నది ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తోలు తిత్తిలో నీళ్ళు. ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని ఆమె అడిగారు. అవునని తెలిశాక, అయితే ఆయన మమ్మల్ని వృథాగా వదిలేయడు అన్నారు. ఇంతటి నమ్మకం ప్రకటించిన ఆ తల్లి తిత్తిలో నీళ్ళు అయిపోయినప్పుడు ఏం చేశారు? అల్లాహ్ చూసుకుంటాడని కూర్చోలేదు. సఫా కొండ ఎక్కి చూశారు, దిగి పరుగెత్తి మర్వా ఎక్కి చూశారు. అలా ఏడుసార్లు తిరిగారు.

ఇక్కడ ఒక సంగతి మనం గమనించాలి. నీళ్ళు సఫాలో దొరకలేదు, మర్వాలో దొరకలేదు, రెంటి మధ్యనా దొరకలేదు. ఆమె వెతకని చోట, బిడ్డ పడుకున్న చోట జమ్‌జమ్ ఊట పుట్టింది. అంటే ఆమె పరుగు నీటిని తెచ్చిందా? లేదు. అయితే ఆ పరుగు వృథానా? అదీ కాదు. ఎందుకంటే ఈనాటికీ కాబా దర్శనానికి వెళ్ళే ప్రతి హాజీ, ప్రతి ఉమ్రా యాత్రికుడు ఆ నీటిని తాగి ఊరుకోడు, ఆ పరుగును కూడా తిరిగి చేస్తాడు. నీటికి దారి తీయని ఆ పరుగును అల్లాహ్ తన ఆరాధనలో భాగం చేశాడు. నీటి ఊట ఒక కుటుంబానికి అందిన వరం. ఆ పరుగు విశ్వాసులందరికీ మిగిలిన పాఠం.

కాబట్టి మన ప్రయత్నానికి రెండు విలువలు ఉన్నాయి. ఒకటి, దాని వల్ల ఫలితం రావచ్చు, రాకపోవచ్చు. రెండోది, అది అల్లాహ్ దగ్గర జమ అవుతుంది, అందులో రాకపోవడం అనేది లేదు. ఎండిపోయిన బోరు కింద కూడా హలాల్ సంపాదన కోసం మనిషి ఓడ్చిన చెమట ఎండిపోదు.

తెలియని తీర్పు, తెలిసిన ఆజ్ఞ

యువతీ యువకులు తరచూ అడిగే మాట ఒకటుంది. అల్లాహ్ నా కోసం ఏం నిర్ణయించాడో నాకెలా తెలుస్తుంది? డిగ్రీ చదవాలా, ఐటీఐలో చేరాలా? మామ పిలిచిన షాపులో చేరాలా, వీసా కోసం ఏజెంటుకు డబ్బు కట్టాలా?

దీనికి జవాబు సూటిగా చెప్పుకుందాం. అల్లాహ్ తీర్పు మనకు ముందుగా తెలియదు, తెలుసుకోమని మనకు ఆజ్ఞ కూడా లేదు. అల్లాహ్ ఆజ్ఞలు మాత్రం మనకు తెలుసు. తెలియని తీర్పు కోసం జాతకాల దగ్గరికి, తాయెత్తుల దగ్గరికి, ఫాల్ చూసేవారి దగ్గరికి పరుగెత్తేవాడు తన జీవితాన్ని అల్లాహ్‌కు అప్పగించలేదు, తనలాంటి మరో మనిషికి అప్పగించాడు. తెలిసిన ఆజ్ఞను పాటిస్తూ తెలియనిదాన్ని అల్లాహ్‌కు వదిలినవాడే నిజంగా అప్పగించినవాడు.

ఈ రెంటినీ కలిపే ఉపాయాన్ని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. దాన్ని ఇస్తిఖారా అంటారు. ఖుర్‌ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా ఆయన తమకు ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఈ పని నా ధర్మానికీ నా జీవితానికీ మంచిదైతే దాన్ని నాకు సులభం చేయమని, చెడైతే దాన్ని నా నుంచి, నన్ను దాని నుంచి తప్పించమని, మంచి ఎక్కడున్నా దాన్నే ఇచ్చి నన్ను దానితో తృప్తిపరచమని వేడుకోవడమే దాని భావం. ఇందులో కల రావాలన్న షరతు లేదు. ఆకాశంలో గుర్తు కనిపించాలన్న షరతు లేదు. పెద్దలను, విషయం తెలిసినవారిని సంప్రదించి, ఇస్తిఖారా చేసి, మంచిదని తోచిన వైపు అడుగు వేయాలి. ఆ పైన జరిగేదాన్ని మేలుగా స్వీకరించాలి. ఆ దుఆ చివరలో అడిగేది ఏమిటో చూడండి. కోరినది దక్కాలని కాదు, దక్కినదానితో మనసు కుదుటపడాలని.

జీవితాన్ని అప్పగించడం అంటే మార్గాలను కూడా అప్పగించడం. తవక్కుల్ ఉందని చెప్పుకుంటూ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వ్యాపారం పెట్టడం, ఉద్యోగం కోసం లంచం పోయడం, పెళ్ళిలో కట్నం అడిగి దాంతో జీవితం మొదలుపెట్టడం, ఇవన్నీ ఫలితం అల్లాహ్ ఇస్తాడన్న నమ్మకం లేకపోవడానికి గుర్తులే. హరాం దారి తొక్కేవాడు నోటితో ఏమన్నా, హలాల్ దారిలో అల్లాహ్ ఇవ్వలేడని లోలోపల అనుమానిస్తున్నాడు. దైవప్రవక్త (స) తన వెనుక వాహనంపై కూర్చున్న బాలుడు ఇబ్నె అబ్బాస్ (రజి)కు చెప్పిన మాటల సారం ప్రతి యువకుడూ మనసులో ఉంచుకోవాలి. లోకమంతా ఏకమై నీకు మేలు చేయాలనుకున్నా, కీడు చేయాలనుకున్నా అల్లాహ్ వ్రాసిన దానికి మించి చేయలేదు. ఈ పాఠాన్ని ఆయన ముసలివారికి కాదు, ఒక పిల్లవాడికి నేర్పారు. జీవితం మొదట్లోనే నేర్చుకోవలసిన పాఠం అది.

ఒక పొరుగువాని ఉదాహరణ

అనంతపురంలో ఈ అంశం మాట్లాడుతూ ఒక క్రైస్తవుని పేరు తలచుకోకపోవడం న్యాయం కాదు. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్, యువకుడిగా ఆ దేశపు అంతర్యుద్ధం చూశారు. 1944లో జెస్యూట్ సంఘంలో చేరి తన జీవితాన్ని దైవసేవకు ఇచ్చేశారు. 1952లో ముంబయి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులు బావులు తవ్వుకోవడానికి సాయపడ్డారు. 1968లో దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అంతటితో తన పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. 1969లో తిరిగి వచ్చి, తాను ముందెన్నడూ పని చేయని ఈ కరవు జిల్లాలో స్థిరపడ్డారు. ఆర్డీటీ సంస్థ ద్వారా ఇళ్ళు, బడులు, చెరువులు, ఆసుపత్రుల పనులు చేస్తూ, 2009 జూన్‌లో అనంతపురంలోనే కన్నుమూశారు.

హజ్రత్ ఈసా (అ) గురించి మన విశ్వాసానికీ ఆయన విశ్వాసానికీ ఉన్న తేడా స్పష్టమైనదే. ఆ తేడాను దాచనవసరం లేదు. అయితే ఒక జనం మీద ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి ప్రేరేపించరాదని మాయిదా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. క్రైస్తవులలో గర్వం లేని పండితులు, సన్యాసులు ఉన్నారని కూడా అదే సూరా పేర్కొంది. ఆయన జీవితం నుంచి మనం గ్రహించవలసింది ఒక్కటే. దైవానికి అప్పగించుకున్నానన్న మనిషి చేతులు ఖాళీగా లేవు. ఆయన కోరుకున్న చోటు చేజారింది, దొరికిన చోట పని ఆగలేదు. తన ధర్మం పేరులోనే అప్పగింత ఉన్న మనం, కరవు నేల మీద ఎన్ని బావులకు, ఎన్ని బడులకు, ఎంతమంది రోగులకు సాయపడ్డామో లెక్క చూసుకోవాలి.

ఫలితం రానప్పుడు

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్నకు వద్దాం. ఒంటెను కట్టాము, ఇస్తిఖారా చేశాము, హలాల్ దారి వదలలేదు. అయినా పంట పోయింది, అప్పు మిగిలింది. అప్పుడేమిటి?

మొదట, ఎండిన పొలం మీద నిలబడిన మనిషితో ఇది నీ పాపాల ఫలితమని అనడానికి మనకు హక్కు లేదు. హజ్రత్ అయ్యూబ్ (అ) ఆరోగ్యం, సంపద, కుటుంబం పోగొట్టుకున్నారు. అది ఆయన పాపఫలం కాదు, పరీక్ష. పొరుగువాని కష్టానికి కారణం చెప్పడం మన పని కాదు, కష్టంలో తోడు నిలవడమే మన పని. మన పాపాలకు క్షమాపణ కోరుకోవడం మాత్రం ఎవరికి వారు చేసుకోవలసిందే.

రెండోది, తఖ్దీర్ అనే మాటకు ఒక సమయం ఉంది. తనకు మేలు చేసే దాని కోసం గట్టిగా ప్రయత్నించమని, అల్లాహ్ సహాయం కోరమని, నిస్సహాయుడిలా కూలబడవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆ తర్వాత ఏదైనా నష్టం జరిగితే, అలా చేసి ఉంటే ఇలా అయ్యేది కాదు కదా అని తలపోయవద్దని, అల్లాహ్ నిర్ణయం ఇది అనుకోమని, ఆ ‘ఉంటే’ అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని హెచ్చరించారు. ఇందులోని వరుసను చూడండి. పనికి ముందు ప్రయత్నం మాట. పని అయ్యాక తఖ్దీర్ మాట. సోమరి ఈ మాటను పనికి ముందే వాడి బద్ధకానికి సాకు చేసుకుంటాడు. నిరాశపడినవాడు దాన్ని పని తర్వాత కూడా వాడుకోలేక, రాత్రంతా ‘ఆ బోరు వేయకుండా ఉంటే’ అని తనను తాను తినేస్తాడు. మందును వేళకు వేసుకుంటేనే అది మందు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ జిల్లాలో అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ప్రాణం మనది కాదు, అల్లాహ్ మన దగ్గర ఉంచిన అమానత్. దాన్ని తీసుకునే హక్కు మనకు లేదు. కష్టం వచ్చిందని చావును కోరుకోవద్దని, తప్పనిసరిగా ఏదైనా అడగాలనిపిస్తే, జీవించడం నాకు మేలైనంత కాలం జీవింపజేయమని, మరణం మేలైనప్పుడు మరణమివ్వమని అల్లాహ్‌ను వేడుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. జీవితాన్ని అప్పగించడానికి ఇంతకంటే స్పష్టమైన రూపం లేదు. నా బతుకుకు విలువ ఉందో లేదో తేల్చేది నేను కాదు, ఊరు కాదు, అప్పిచ్చినవాడు కాదు. ఆ తీర్పు అల్లాహ్‌ది.

అలా వెళ్ళిపోయిన వారి గురించి కఠినంగా మాట్లాడటం కూడా మనకు తగదు. మదీనాకు హిజ్రత్ చేసిన ఒక వ్యక్తి జబ్బు బాధ తాళలేక తన ప్రాణం తీసుకున్నాడని, అతని సంగతి విన్న దైవప్రవక్త (స) అతని మన్నింపు కోసం దుఆ చేశారని సహీహ్ ముస్లిం హదీసులో ఉంది. ఆ చర్య పాపమే. అయినా ఆయన నోటి నుంచి వచ్చింది దుఆ. అటువంటి ఇంట మిగిలిన భార్యాబిడ్డలకు మన నుంచి దెప్పిపొడుపు కాదు, దుఆ, ఆసరా అందాలి. బతుకు బరువైందని ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. వారి పక్కన కూర్చోండి. ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అదీ ఒంటెను కట్టడమే.

కడుపు నిండినవారి ఉపదేశం

అల్లాహ్‌పై భారం వేయమని చెప్పడం తేలిక. అప్పు లేనివాడు అప్పు ఉన్నవాడికి, తిన్నవాడు తిననివాడికి చెబితే ఆ మాట చెవికి చేరదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో అరేబియాలో పెద్ద కరవు వచ్చింది. ఆ ఏడాదిని చరిత్రలో ‘బూడిద సంవత్సరం’ అంటారు. ఆ సంవత్సరం ప్రజల కడుపు నిండేదాకా ఆయన నెయ్యి ముట్టలేదు. ఇతర ప్రాంతాల గవర్నర్లకు వ్రాసి ధాన్యం తెప్పించి పంచారు. దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను ముందుంచి వాన కోసం దుఆ చేయించారు. ధాన్యం పంచినవారే దుఆ కూడా చేశారు. ఒకదాన్ని రెండోదానికి బదులుగా వాడలేదు.

మనం ఈద్గాలో ఇస్తిస్ఖా నమాజుకు నిలబడినప్పుడు మన పక్కన నిలబడినవాడు మనకు అప్పున్నాడా అని ఒకసారి ఆలోచించాలి. బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు దాకా గడువు ఇమ్మని, మాఫీ చేస్తే మరీ మేలని బఖరా సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆకాశం నుంచి కారుణ్యం కురవాలని చేతులు చాచే మనం, మన చేతుల్లో ఉన్న కారుణ్యాన్ని బిగపట్టి ఉంచుకోవడం ఎంతవరకు సబబు? జకాత్ లెక్కగా తీసి ముందు మన మొహల్లాలోని అప్పులవారిని చూడాలి. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో మునిగినవారు ఒక వర్గమని మరువరాదు. ఒక యువకుని ఐటీఐ ఫీజు, ఒక అమ్మాయి చదువు, ఒక కుటుంబానికి రెండు మేకలు, ఇవి చిన్న సాయాలే. అవతలివారికి మాత్రం, అల్లాహ్ తనను వృథాగా వదిలేయలేదన్న నమ్మకం ఇలాంటి చేతుల ద్వారానే అందుతుంది.

రోజూ చేయవలసిన అప్పగింత

పక్షులు పొద్దున్నే ఖాళీ కడుపుతో గూడు విడిచి, సాయంత్రానికి కడుపు నింపుకుని తిరిగి వస్తాయని, అల్లాహ్‌పై తగిన విధంగా భారం వేస్తే మనకూ అలాగే జీవనోపాధి దొరుకుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ పక్షి గూట్లో కూర్చోలేదు. అలాగని రేపటి గింజ కోసం రాత్రంతా మేలుకోనూ లేదు. ఎగరడం దాని వంతు, గింజ ఎక్కడుండాలో నిర్ణయించడం దాని ప్రభువు వంతు.

కనుక ప్రియ సోదర సోదరీమణులారా! ఫజర్ నమాజు తర్వాత ఆ రోజు మన వంతు పని ఏమిటో ఒకసారి నిర్ణయించుకుందాం. రేపటి పని గురించి మాట్లాడేటప్పుడు ‘ఇన్‌షా అల్లాహ్’ అనడం నాలుకకు మాత్రమే కాక మనసుకూ నేర్పుదాం. ఇషా నమాజు తర్వాత ఆ రోజు ఫలితాన్ని, అది తీపైనా చేదైనా, అల్లాహ్‌కు అప్పగించి పడుకుందాం. ఇంట్లో పిల్లలకు, మంచి మార్కులు తెస్తేనే నువ్వు మా బిడ్డవు అన్నట్టు కాక, నీ వంతు నువ్వు చేశావు, మిగతాది అల్లాహ్‌ది అని చెప్పడం అలవాటు చేసుకుందాం.

అల్లాహ్ మన చేతులకు పని చేసే శక్తిని, మన మనసులకు ఆయన తీర్పుతో తృప్తిపడే భాగ్యాన్ని, మన ఎండిన నేలకు మేలైన వానలను ప్రసాదించుగాక! కష్టంలో ఉన్న ఏ ఒక్కరూ ఒంటరిగా మిగిలిపోకుండా మనల్ని ఒకరికొకరు తోడుగా చేయుగాక! ఆమీన్.